ఈస్టరు జాడీ

కళ్యాణదుర్గం,
మార్చి నెల, 1958

కుమార్తె కరుణమ్మకు మీ అమ్మ ప్రభువు నామమున దీవించి వ్రాయునది. ఇక్కడ అందరమూ బాగున్నాము. అందరమూ అంటే నేనూ, మేకా. అక్కడ నువ్వు, అల్లుడు, పాప క్షేమమని తలుస్తాను. పాప దగ్గు తగ్గిందా? బళ్ళారి ఎండలో తిప్పొద్దు. బావి అడుగంటింది. బురద నీళ్ళు తేర్చి తాగుతున్నాను. భయపడొద్దు, కాచే తాగుతున్నాను.

గుడిలో ఈస్టరు నాటి ప్రభువు బల్లకు ద్రాక్షారసం పెట్టినావా అని అడిగినావు. పెట్టినాను. ఎండు ద్రాక్ష నానబెట్టి, పిసికి, చక్కెర కలిపి, మీ నాయన జాడీలోనే పోసి గుడ్డ కట్టినాను. రోజూ గ్లాసులో కొంచెం తీసి కిటికీ వెలుగులో చూస్తాను. వాన పడిన సాయంత్రం మన ఎర్రచేను ఎట్లుంటుందో ఆ రంగు. గ్లాసు వంచితే, మోకాళ్ళ నొప్పుల ముసలమ్మ గోడ పట్టుకొని మెట్లు దిగినట్టు దిగుతుంది. నీళ్ళలా పరుగెత్తితే పస లేనట్టు. తీపి నడుమ నల్లగా కూర్చుని ఉంటుంది. వగరు అంచున సన్నగా మెరుస్తుంది.

"రుచి అడిగితే రంగు చెప్తావేమమ్మా?" అని రాసినావే, ఆ మాటకు జవాబు రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది. పోయిన వానకాలం వచ్చిన జ్వరం నా నాలుక రుచిని ఎత్తుకుపోయింది తల్లీ. సంగటైనా, ఊరుబిండి పచ్చడైనా తడిగుడ్డ నమిలినట్టే ఉంది. ఒక్కదాన్నే తింటాను కాబట్టి ఎవరికీ తెలియలేదు.

క్రిస్మస్ రసం కూడా కంటితోనే తేల్చినాను. బల్ల దగ్గర అందరూ తాగి కళ్ళు మూసుకుంటే, నేను తెరిచి ముఖాలు చూసినాను. పాస్టరు అయ్యగారి కనుబొమ ఒకటి ముడిపడింది. పక్కన కూర్చునే కదిరమ్మను బయటికి వచ్చినాక అడిగితే, "దేవుని రసాన్ని బాగలేదని యాడన్నా అంటారా, పోమ్మా!" అన్నది. ఆ కనుబొమ నన్ను ఇంకా వదల్లేదు.

ఇప్పుడిది పులిసిపోయిందేమోనని భయం. బల్ల మీదికి చేరేదాకా పెట్టిన ఇంటివాళ్ళు తప్ప ఎవరూ నాలుకకు తగిలించకూడదని మీ నాయన కట్టడి. ఆయన పోయె. ఇంక ఎవరిని అడిగేది? అయ్యగారికి చెబితే రసం పెట్టే పని వేరే ఇంటికి పోతుంది. అది కూడా పోతే, "రసం ఎంతవరకు వచ్చిందమ్మా" అంటూ నా గడప తొక్కేవాళ్ళెవరు?

ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం లోపల రా. పాపకు మెడచుట్టూ గుడ్డ చుట్టి తీసుకురా. ఒక్క చుక్క నోట్లో వేసుకో. బాగుందనీ చెప్పొద్దు, బాగలేదనీ చెప్పొద్దు. నీ ముఖం నేను చూసుకుంటాను.

ఇట్లు,
బస్సుల వేళకు వాకిట్లో కూర్చునే
మీ అమ్మ సుందరమ్మ