పొదుగుకోడి కింద బాతుగుడ్లు

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు కొనిచ్చిన ట్రాక్టరుతోనే అన్న మన చెరువు మట్టిని ఇటుకబట్టీకి తోలుతున్నాడు. పోయిన నెల ఆ తవ్వకంలో గడ్డిలోని అడవిబాతు గూడు చెదిరిపోయింది. మిగిలిన ఐదు గుడ్లను కొంగులో తెచ్చి పొదుగుకోడి కింద పెట్టాను.

మూడు వారాలకు అన్న వచ్చి బుట్టలోకి తొంగిచూశాడు.

"ఇంగా పగల్లేదంటే మురిగిపోయినట్లే మే. పారెయ్."

కోడి మూడు వారాల లెక్క బాతుకు పనికిరాదని నువ్వు మా ఇద్దరికీ కలిపే చెప్పావు. తల్లిబాతు తడి పొట్టతో వచ్చి కూర్చుంటుందని, రోజూ తడిచేత్తో గుడ్లను నిమిరేవాడివి. వాడికి అదీ గుర్తులేదు. నేను అలాగే నిమిరాను. నాలుగో వారం ఐదూ పిల్లలయ్యాయి. బేసిన్‌లో కాసిని నీళ్లు పోస్తే ఈదుతున్నాయి. కోడి భయంతో చుట్టూ తిరుగుతూ ఒకటే గోల.

ఇవాళ అన్న నీ ఫొటోకు బంతిపూల దండ తెచ్చాడు. పిల్లల్ని చూసి నవ్వాడు కూడా.

"పెద్దయినాంక చెరువులో ఇడిసిపెట్టు మే."

"యాడుండాది చెరువు? అంతా నువ్వు తవ్విన గుంతలే గదా!" అని అరిచాను.

వాడి చేతిలోని దండ లాక్కుని ట్రాక్టరుకే వేశాను.

కోపం తెచ్చుకుంటే తెచ్చుకో. దాన్ని కొనిచ్చింది నువ్వే. ఈ ఏడు నీ ఫొటోకు దండ లేదు.