గుడ్లు మోసే మగచేప

మంగళవారం, రాత్రి

ఇందుమూలముగా నాకు నేనే చాటించుకొనునది ఏమనగా, పాల్వంచలో రంగుచేపలమ్మే దుకాణంలో నేనొక పుల్లను చూశాను. ఆ పుల్ల ఈదింది!

అది పైప్‌ఫిష్ అనే చేపట. కొన్ని రకాలు సముద్రపు గడ్డిలో, కొన్ని ఏటి మంచినీళ్లలో ఉంటాయట. గడ్డిలో నిలబడితే అచ్చం గడ్డిపోచే. గుడ్లు మోసేది మాత్రం మగది, పొట్టకు అంటించుకుని. ఎంత గొప్ప తండ్రి!

రేపు మరదలికి, అంటే తమ్ముడి భార్యకు, కాన్పు. తమ్ముడికి ఫోన్ చేసి రమ్మన్నాను.

"కాన్పుకాడ మొగోళ్లెందుకన్నా? నాకు షిఫ్టుంది."

"అరే, కిన్నెరసాని వాగుల ఓ చేపను పట్టిన. మగదే గుడ్లు మోస్తది. నువ్వు షిఫ్టంటవేందిరా? మరదలు నీకోసం ఏడుస్తుంది."

"లీవ్ పెడ్తున్న" అన్నాడు.

కిన్నెరసానిలో పట్టానన్నది అబద్ధం. మరదలు ఏడ్చిందన్నదీ నేను కల్పించిందే. కాన్పంటే భయమైతుందా అని ఆమెను మేమెవరమూ అడగనే లేదు...