యిర్మీయా యాభైమూడో అధ్యాయం

సజ్జా, షార్జా
21 మే 2023, ఆదివారం

ప్రియమైన ఎస్తేరుకు,

ప్రభువు నిన్నూ పిల్లలనూ చల్లగా చూడాలని కోరుకుంటూ నీ ఇంటాయన రాసేది. ఇక్కడ నేను క్షేమం. ఎండ కూడా క్షేమమే, నాకన్నా ముందే లేచి డ్యూటీకి వస్తోంది. అక్కడ మీరంతా బాగున్నారని తలుస్తాను.

ఎండు మెత్తళ్ళతో పాటు పంపిన నీ ఉత్తరం అందింది. మెత్తళ్ళు వేయించిన రోజు మా గదిలో ఉండే కడప అల్లాబకాష్ "ఇదేం వాసనబ్బా, క్యాంపు నుంచి తరిమేస్తారు మనల్ని" అని ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో సగం తినేశాడు. చిన్నదానికి కళ్ళజోడు పడిందని బెంగపెట్టుకోకు. ఆ కళ్ళజోడేదో మీ అమ్మకి ఇరవై ఏళ్ళ కిందటే పడి ఉంటే నాకు పిల్లనిచ్చేదా?

ఫోనుండగా ఉత్తరం ఎందుకు రాస్తానంటున్నానని అడిగావు. మనింట్లో ఫోను మోగితే నీతో పాటు మీ అమ్మా, పక్కింటి మార్తమ్మా, ఆవిడ కోడలూ కలిసి వింటారు. ఇది నువ్వొక్కదానివే చదవాలి.

ఇక నీ పెద్ద ప్రశ్న. ఆశన్న బాప్తిస్మం తీసుకున్నాడా, అతనికొచ్చిన వాగ్దానం ఏ వచనం, పాస్టరుగారు సంఘంలో చదివి వినిపిస్తారట అని రాశావు. నా భర్త ఒక నాస్తికుణ్ణి మార్చాడని స్త్రీల కూడికలో నిలబడి సాక్ష్యం కూడా చెప్పావట. దీనికి జవాబు మొదటినుంచీ చెప్పాలి.

ఆశన్నది జగిత్యాల వైపు. సిమెంటు గోడలు పోతపోసే మా యార్డులోనే నాతో పాటు రాడ్లు కడతాడు. నా కింది మంచం అతనిది. వయసులో ఉండగా హేతువాదుల మీటింగులకు తిరిగాడట, ఎవరి దేవుణ్ణీ ఒప్పుకోడు. సాయంత్రం అన్నం పొయ్యి మీద పెట్టామంటే నాతో మొదలు.

"పాదమన్నా, మీ దేవుడు ఆరు దినాలల్ల లోకమంత చేసిండంటివి. మరి మనతోని ఎండల పని చేపిచ్చే ముదీర్‌ను ఏ దినం చేసిండు?"

"ఆరో రోజు సాయంత్రం, ఓవర్‌టైములో. అందుకే అలా తయారయ్యాడు."

"మెల్లగా మాట్లాడండప్పా! మతం గొడవని ఎవురన్నా చెప్పినారంటే ముగ్గురం ఒకే విమానంలో పోతాం" అనేవాడు అల్లాబకాష్.

నవ్వులాట వరకూ గెలుపు నాదే. కానీ ఒకరోజు ఆశన్న నవ్వకుండా అడిగాడు. "పోయినేడు గోడ కింద పడి సచ్చిన కేరళాయన నీ తీర్గనే రోజు ప్రార్థన చేసెటోడు గదన్నా. ఆయన మాటెందుకు ఇనలే?"

ఏడో తరగతి తప్పినవాణ్ణి, దీనికి జవాబు ఎక్కడినుంచి తేను? తెలియదు అనడానికి నోరు రాలేదు. దేవుడి పరువు నా చేతిలో ఉన్నట్టూ, నేను ఓడిపోతే ఆయన ఓడిపోయినట్టూ అనిపించింది. అక్కడే చెడిపోయాను ఎస్తేరూ.

జనవరి ఒకటిన వాగ్దానపు చీటీలు తీస్తాం కదా. పళ్ళెంలోంచి ఎవరికి ఏ వాక్యం వస్తే ఆ యేడాదంతా అది దేవుడు వాళ్ళతో అన్న మాట. షార్జా టౌన్లో, రోలాలో జరిగే మా ప్రార్థన కూడికకు ఆ చీటీలు రాసేది నేనే. చదువు లేకపోయినా నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని నీకు తెలుసు. ఈ యేడు జనవరి ఒకటి మధ్యాహ్నం గదిలో ఆశన్న "నాకు గూడ ఒకటి తియ్యనియ్యి, మీ దేవునికి నా సంగతి ఎంత ఎరుకనో చూస్త" అన్నాడు.

అలా అంటాడని ముందే తెలుసు. వాళ్ళమ్మ లక్ష్మవ్వ మంచాన పడిందనీ, ఎవరికీ చెప్పకుండా కుమిలిపోతున్నాడనీ కూడా తెలుసు. అతను ఇంటికి ఫోను చేస్తుంటే పై మంచం మీద ముసుగుతన్ని విన్నాను. అతని ముందు పెట్టిన పళ్ళెంలో ఎనిమిది చీటీలున్నాయి. ఎనిమిదింటి మీదా ఒకటే మాట. "నీవు తిరిగి వచ్చువరకు నీ తల్లిని నేను కాపాడుదును. యిర్మీయా 53:4."

నీకు బైబిలు కంఠతా వచ్చు కాబట్టి ఈపాటికే తలపట్టుకుని ఉంటావు. యిర్మీయాకి యాభైరెండు అధ్యాయాలే.

ఒక గంట ఏడిపించి, నవ్వించి, చెప్పేద్దామనే అనుకున్నాను. కానీ అతను అది రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇది నీకెవలు చెప్పిండ్రన్నా?" అన్నాడు. ఎవరూ చెప్పలేదన్నాను. తరవాత రెండు వారాలు నా వెంట రోలా వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. అదే నీకు ఫోనులో గొప్పగా చెప్పింది.

ఫిబ్రవరిలో ఊరెళ్ళే సెలవు అతని వంతు. దాన్ని మా యార్డులోనే పనిచేసే తబ్రేజ్‌కి ఇచ్చేశాడు. "జూన్‌ల పోత. అప్పటిదాంక అవ్వకేం గాదట" అని చీటీ ఉన్న జేబు తట్టుకున్నాడు. ఆ నిమిషంలోనైనా చెప్పి ఉండొచ్చు. అప్పటికే నీకు ఫోనులో గొప్పలు చెప్పేశాను. నోరు మూసుకున్నాను.

ఏప్రిల్ రెండో వారంలో లక్ష్మవ్వ పోయింది. ఫోను గోడకానించి, తల్లి మీద మట్టి పోస్తుంటే చూశాడు. ఆ రోజునుంచీ అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా దేవుణ్ణి తిట్టడమే. మాటిచ్చి తప్పినోడు, మోసగాడు అని. నేను పక్కనే కూర్చుని ముద్ద మింగాను. నేను చేసినదానికి తిట్లు ఆయన తింటున్నాడు.

మొన్న శుక్రవారం, అతను బట్టలు ఉతుక్కుంటుంటే దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. ముందు నా పరాచికమనుకున్నాడు. తరవాత నా మొహం చూశాడు. చొక్కా పిండి, దులిపి, తీగ మీద ఆరేశాడు.

"అయితే మీ దేవుడు నాకు అబద్ధం చెప్పలే."

"చెప్పలేదు ఆశన్నా. నేను చెప్పాను."

"నెల దినాల సంది ఆయనను తిట్టుకుంటనే బతికిన. ఇగ తిట్టుకునేటందుకు గూడ ఎవలు లేకుంట చేసినవ్."

కొడతాడేమోనని ఆశపడ్డాను. కొట్టలేదు. సాయంత్రం ఒక అట్టముక్కా పెన్నూ తెచ్చి నా ముందు పెట్టాడు.

"నీ రాత మంచిగుంటది గద. మా అవ్వ యేసు పేరే ఇనలే. పోచమ్మకు బోనం చేసుడొక్కటే ఎరుక. గామె ఇప్పుడు ఏడుందో రాసియ్యి. ఈసారి నిజంది రాయి."

అల్లాబకాష్ ఉల్లిపాయలు కోయడం ఆపేశాడు. పాస్టరుగారి ప్రసంగాలన్నీ గుర్తు తెచ్చుకున్నాను. ఆవిడ కొడుకు మొహంలోకి చూస్తూ రాయగలిగిన మాట ఒక్కటీ దొరకలేదు.

"నాకు తెలియదు ఆశన్నా."

"గదే రాయి."

రాశాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇది అందాక వచ్చే ఆదివారం సంఘంలో లేచి నిలబడి, నా భర్త ఎవరినీ మార్చలేదని చెప్పు. సిగ్గు నాది, చెప్పే నోరు మాత్రం నీది కావాల్సి వస్తోంది, క్షమించు. రోజూ ప్రార్థనకు కూర్చుంటున్నాను. ఆశన్న పేరు దాకా వచ్చి ఆగిపోతున్నాను. అతని కోసం నువ్వు చెయ్యి. ఏమని చెయ్యాలంటే మాత్రం నన్నడగకు.

ఇట్లు,
నీ భర్త
యేసుపాదం