ముక్కుకొండ రంగులు

ఢిల్లీ కంటోన్మెంట్,
10 నవంబరు 2024.

చిరంజీవి తమ్ముడు అజయ్‌కి అక్క ఇంద్రాణి దీవెనలు. నువ్వూ మరదలు కస్తూరీ బాగున్నారని తలుస్తాను. మేమూ బాగున్నామని రాయబోతే చెయ్యి ఆగిపోయింది.

ఫోను చేయకుండా ఉత్తరమేమిటనుకుంటావు. చూపు పోయాక మీ బావవి పాముచెవులయ్యాయి. ఈ రెండు గదుల నేవీ క్వార్టర్లో నేను వంటింట్లో గుసగుసలాడినా ఆయనకు వినిపిస్తుంది.

కళ్ల నరం పూర్తిగా ఎండిపోయింది, ఇక మందులతో పనిలేదని ఆసుపత్రిలో చెప్పేశారు. ఆ రోజు బయటికొస్తూ మీ బావ నా భుజం పట్టుకుని ఆకాశం ఏ రంగులో ఉందని అడిగారు. ఏముంది, పొగ, బూడిద రంగు అన్నాను. ఢిల్లీ గురించి మళ్లీ అడగలేదు. అప్పటినుంచి సాయంత్రమైతే చాలు, "ఏటే, పొద్దుటెండ తగిల్తే మన ముక్కుకొండ ఎలగుంటాదే?" అంటారు.

నేను చెబుతాను. సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ బండ తడిస్తే కాకినలుపు, ఎండితే ఇటుకెరుపు. పగుళ్లలో దానిమ్మ గింజల్లాంటి ఎర్ర గులకలు. వానలు పడ్డాక సందుల్లో పుల్లపుల్లగా గంగపాయల కూర. కెరటాల తుంపర పడేచోట ఇలకూర. దాన్ని పప్పులో వేసిన రోజు అమ్మ ఉప్పు ముట్టుకునేది కాదు. పాలపళ్లు తిని పెదాలు అంటుకుపోతే నవ్వలేక నవ్వేవాళ్లం. నాగజెముడు పండు తిని నీ నాలుక ఎర్రబడితే నెత్తురనుకుని ఏడ్చావు. మీ బావే నిన్ను చంకనేసుకుని ఇంటికి తెచ్చారు. అది చెప్పినప్పుడు మాత్రం నవ్వుతారు.

నువ్వు పంపిన వీడియో నేనూ నేహా చూశాం. జెట్టీ కోసం కొండను పేల్చి రాయంతా లారీల్లో తోలేశారు. ఇక మిగిలింది తెల్లటి దుమ్ము గుంట. నేహా గోలపెట్టింది, "మమ్మీ, పాపాకో సచ్ బతా దో నా" అని, నాన్నకు నిజం చెప్పెయ్యమని. దాని నోరు నొక్కేశాను. కళ్లు పోయిన మనిషికి కొండ కూడా పోయిందని ఏ నోటితో చెప్పను?

వచ్చే నెల ఆయన్ని నౌకరీ నుంచి పంపించేస్తున్నారు. క్వార్టరు ఖాళీ చేసి ఊరికి రావాలి. ఆ మాటెత్తితే మీ బావ గోడవైపు తిరిగిపోతారు. ఉద్యోగం పోయిన దిగులనుకుంటున్నాను. ఊరు చేరగానే ముక్కుకొండ ఎక్కించమంటారు కదా. అప్పుడు ఊరి వెనక చిప్పలమెట్ట మీదికి తీసుకెళ్లు. అక్కడా బండలున్నాయి, సముద్రపు గాలి ఉంది. ఉప్పుటేరు గట్టున ఇలకూర దొరుకుతుంది, కోసి తెచ్చి ఆయన చేతిలో పెట్టు. దారి ఇది కాదంటే కొత్త రోడ్డు పడిందని చెప్పు. గుడ్డివాణ్ని మోసం చేయడమే, నాకు తెలుసు. అయినా చెయ్యి తమ్ముడూ.

కస్తూరికి నా దీవెనలు చెప్పు.

నీ అక్క,
ఇంద్రాణి.

తా.క.: కవరు అంటించబోతుంటే మీ బావ పిలిచారు. పెన్ను చప్పుడు విన్నారట. తమ్ముడికేనా అన్నారు, ఊరికి రావడం లేదని రాయమన్నారు. ఎందుకని అడిగాను. వానాకాలంలో నువ్వు రేవు నుంచి ఫోను చేశావు చూడు, ఆ రోజే ఆయనకు తెలిసిందట. ఫోనులో నీ మాట వెనక, కొండ కింద గుహలో కెరటం గుద్దుకునే హోరు వినపడలేదట. నీళ్లు అడ్డూ ఆపూ లేకుండా వచ్చి ఇసక మీద పడుతున్నాయట. "నీకు తెల్దనుకున్నానే. తెలిస్తే తట్టుకోలేవని రంగులడుగుతూ కూకున్నాను" అన్నారు.

అజయ్, మెట్ట సంగతి మరిచిపో. విజయనగరంలో మాకొక అద్దె ఇల్లు చూడు. సముద్రం వినిపించని చోట కావాలంటున్నారు.