క్యాసెట్టుకెక్కని నవ్వు

21 ఫిబ్రవరి 1999, ఆదివారం, రాజోలు

నడుం పట్టేసింది. ఈ వయసులో నాకెందుకీ వేషాలు!

కువైట్ నుంచి బావ, మా చెల్లెలి మొగుడు, ఫోన్లో కోరింది ఒక్కటే. "పాప పుట్టినరోజుకి నువ్వు మ్యాజిక్కు చెయ్యి బావా. అది నవ్వుతుండగా వీడియో తీయించి పంపు." కూతురు పొత్తిళ్ళలో ఉండగా వెళ్ళాడు. దాని నవ్వు ఫోన్లో వినడమే గాని చూడలేదు.

పెరట్లో కొబ్బరిచెట్ల కింద చేస్తానన్నాను. చెల్లెలు వింటేగా!

"కొత్త హాల్లోనే అన్నయ్యా. టైల్సు ఆయన చూడొద్దేంటి?"

పిల్లల్ని సోఫా ముట్టుకోవద్దని బెదిరించి, బొమ్మల కొలువులా కూర్చోబెట్టింది. ఒకడి చెవిలోంచి కోడిగుడ్డు తీశాను. ఒక్కరు నవ్వితే ఒట్టు. పాపయితే వీడియో లైటుకి కళ్ళు చికిలించుకుని, ఇంజక్షన్‌కి వచ్చినదానిలా కూర్చుంది.

వీడియో ఆయన సర్దుకుని వెళ్ళిపోయాక పెరట్లోకి వచ్చాను. కాలు జారి, టోపీతో సహా చెట్ల మధ్య నీళ్ళు పారే బోదెలో పడ్డాను. పాప పొట్ట పట్టుకుని నవ్వింది.

"మావయ్యా, ఇంకోసారి పడవా?"

పడ్డాను. మూడుసార్లు.

శుక్రవారం బావ ఫోన్ చేసి, నవ్విందా అని అడుగుతాడు. నవ్విందనే చెబుతాను. మ్యాజిక్కు పేరుతో ఇన్ని అబద్ధాలాడిన నోటికి ఇదొక్కటీ నిజమే. కాని క్యాసెట్టు పెట్టుకుని, ఆ నవ్వు ఎక్కడుందోనని వెనక్కీ ముందుకీ తిప్పుకుంటూ ఆ మనిషి...