గంగాకిషన్ వద్దన్న ఇనాం

20 సెప్టెంబర్ 1964, ఆదివారం

గ్లోబు రాలేదు. మద్రాసు కంపెనీకి మనియార్డర్ పంపి నలభై రోజులైంది. ఈరోజు మూడో ఉత్తరం రాశాను, కాస్త ఘాటుగానే.

ఇంట్లో నా భార్య లసుమవ్వకు కూడా చెప్పలేదు. పోయిన ఏడు దుర్భిణి తెప్పించిన పాపానికి ఇంకా అనుభవిస్తున్నాను. నేను చూసింది చంద్రుణ్ని. కిరాణా నర్సింలు మాత్రం దడ్వాయి తాత మిద్దెల మీద ఆడోళ్లను లెక్కవెడుతుండు అని గంజ్ బజారంతా చాటాడు. ముప్పై ఏళ్లు గంజ్‌లో దడ్వాయిగా పసుపు తూచాను. ఒక్క రైతు నా కాంటాను అనుమానించలేదు. ఆ పరువంతా ఒక్క దుర్భిణితో పోయింది. అందుకే గ్లోబు చేతికొచ్చేదాకా నోరు విప్పేది లేదు.

29 సెప్టెంబర్

నిజామాబాద్ స్టేషన్ నుంచి మన ఆర్మూర్‌కు పార్సిళ్లు తెచ్చే లారీ డ్రైవర్ గంగాకిషన్, నర్సింలు దుకాణం ముందు నన్ను ఆపాడు. తాతా, నీకేమన్న సామాన్ రావాల్సి ఉన్నదా అని అడిగాడు. నర్సింలు బెల్లం కొట్టడం ఆపి చెవులు ఇటు పెట్టాడు. నాకేం రావాలె బిడ్డా, యముని కాడికెల్లి కబురొక్కటే బాకీ అన్నాను. నర్సింలు నవ్వాడు, గంగాకిషన్ నవ్వలేదు. అక్కణ్నుంచి బట్టల భోజన్న దుకాణానికి పోయి అతన్నీ అదే అడిగాడు. తర్వాత బడి పంతులును కూడా అడిగాడట.

సామాన్లు తెచ్చేవాడు సామాన్లు రావాలా అని ఊరంతా అడగడం ఎన్నడూ చూడలేదు.

15 అక్టోబర్, గురువారం. దసరా. సాయంత్రం ఆరున్నర

జమ్మి తెంపుకొని గంజ్‌కు వచ్చాం. పార్సిల్ డ్రైవర్‌కు దసరా ఇనాం ఇక్కడే ఇస్తాం. జమ్మి ఆకు అతని చేతిలో పెట్టి, ఆకు కింద ఎవరికి తోచింది వాళ్లు పెడతారు. ఎంత పెట్టారో పక్కవాడికి కనబడకూడదనే ఆ ఆకు అని నా అభిప్రాయం.

ఈసారి గంగాకిషన్ అందరి జమ్మీ తీసుకున్నాడు. కళ్లకద్దుకున్నాడు. పెద్దవాళ్ల కాళ్లు మొక్కాడు. ఆకు కిందిది మాత్రం ఎవరిది వాళ్లకు తిరిగి ఇచ్చేశాడు. భోజన్న అంగీ గుడ్డ ఇస్తే దాన్నీ మడత విప్పకుండా వాపసు పెట్టాడు. ఎందుకురా అంటే, ఈ ఏడు వద్దు సావుకారి, ఏమనుకోకు అన్నాడట. అంతే. లారీ ఎక్కి పోయాడు.

నా అర్ధరూపాయి నా చేతిలోనే చెమట పట్టింది.

16 అక్టోబర్

ఎందుకు తీసుకోలేదు?

18 అక్టోబర్, ఆదివారం

రెండు రోజులుగా వేరే ఆలోచన లేదు. అసలు ఇనాం ఎందుకిస్తాం? జీతం లారీ ఓనరు ఇస్తున్నాడు. చిన్నప్పుడు టపా మోసే హర్కారా మా వాకిట్లోంచి పోయేవాడు, కాలికి గజ్జెలు కట్టుకొని. మా అమ్మ అతనికి కాల్చిన మక్కకంకులు ఇచ్చేది. మాకు ఒక్క ఉత్తరమూ వచ్చేది కాదు, రాసేవాళ్లే లేరు. మరి కంకులెందుకే అంటే, మనకు చావుకబురు తేలేదు గదరా అనేది. మా అమ్మ లెక్క నాకు ఇప్పటికీ సరిగా అంతుబట్టలేదు, కానీ అందులో ఏదో ఉంది.

భోజన్న లెక్క వేరు. ఇనాం తిన్నోడు దొంగతనం చెయ్యడానికి జర ఎనకాముందు ఆడుతడు, గందుకే వీడు తింటలేడు అంటాడు. నర్సింలు తలూపాడు. సామాన్లు రావాల్నా అని అడిగిందెందుకు మరి, ఎవలిది మాయం చేస్తే అడిగేటోడు లేడో చూసుకోవడానికే అన్నాడు. వింటుంటే నాకూ నిజమే అనిపించింది, సిగ్గులేకుండా.

డ్రైవర్‌ను మార్చమని ఓనరుకు పిటిషన్ పెట్టాలని తీర్మానం. నా చేతిరాత బాగుంటుంది కాబట్టి రాసేది నేను.

19 అక్టోబర్

పిటిషన్ రాశాను. పన్నెండు వరుసలు. చాలా బాగా కుదిరింది, నాలుగుసార్లు చదువుకున్నాను. పదకొండు మంది సంతకాలు చేశారు. శుక్రవారం పొద్దున పంపాలి.

లసుమవ్వకు చదివి వినిపించాను. మెచ్చుకుంటుందనుకున్నాను. గంగాకిషన్ పెండ్లాం నీలవ్వకు ఏడో నెలనట, మాక్లూర్‌లో తల్లిగారింట్లో ఉన్నదట. లారీ దినాం ఆ ఊరి మీదుగానే పోతుంది కాబట్టి అతను దినాం ఆమెను చూసి వస్తాడట. గీ కాయితం పోతే గా పోరన్ని ఆదిలాబాద్ లైన్ల పడేస్తరు, పిల్ల పుట్టినంక సుట్టం లెక్క వచ్చి చూసిపోతడు, నీ రాత సక్కగుంటే సరిపాయెనా అంది.

ఇది ముందే చెప్పొచ్చు కదా అన్నాను. నువ్వు అడిగితివా అంది.

21 అక్టోబర్, మధ్యాహ్నం

మద్రాసు నుంచి జవాబు. అంతా ఇంగ్లీషు. డిక్షనరీ పెట్టుకొని గంటసేపు కుస్తీ పట్టాను. సారాంశం: గ్లోబు ఆగస్టులోనే పంపారు, సెప్టెంబర్ రెండున నిజామాబాద్ స్టేషన్‌లో దిగింది, ఆర్మూర్ లారీకి ఎక్కించినట్టు రిసీట్ ఉంది.

అయితే గంగాకిషన్ దగ్గరే ఉంది. లేదా, ఉండేది.

22 అక్టోబర్, పగలు పదకొండు

ఊరి బయట చాయ్ హోటల్ దగ్గర లారీ ఆపించాను. గ్లోబు మాట ఎత్తకుండా, ఇనాం ఎందుకు వద్దన్నావురా అని మాత్రమే అడిగాను. చాయ్ సాసర్‌లో పోసుకొని, తాగకుండా చల్లార్చేశాడు. తర్వాత చెప్పాడు.

సెప్టెంబర్ మొదట్లో పెద్ద వాన. మాక్లూర్ వాగు దగ్గర తాడు తెగి ఒక డబ్బా నీళ్లలో పడింది. దూకి తీశాడు. పైన పేరు రాసిన చీటీ, కాగితాలు, అన్నీ నాని పేలికలయ్యాయి. ఓనరుకు చెబితే పని పోతుంది. డబ్బా విప్పితే లోపల గుండ్రటి వస్తువు, మీద అతికించిన రంగుకాగితాలన్నీ ఊడి చేతికొచ్చాయి. అన్నీ తీసుకెళ్లి నీలవ్వ దగ్గర పెట్టాడు. ఎవరిదో తెలిస్తే కాళ్ల మీద పడదామని ఊరంతా అడిగాడు. ఎవరూ నాదనలేదు. గంజ్‌ల అన్ని చేతులల్ల ఒక చెయ్యి వానిది తాతా, ఎవలిది ఖరాబ్ చేసిన్నో ఎరుక లేకుంట ఎవల చేతిల ఇనాం అందుకోవాలె అన్నాడు.

నేను బల్ల వైపు చూస్తూ, నాదే అన్నాను.

సాసర్ బల్ల మీద పెట్టాడు. మొదలు నిన్నే అడిగిన గద తాతా, గిసొంటియి తెప్పిచ్చేది ఊర్ల నువ్వొక్కనివే అని ముందుగాల నీ తానకే వస్తి, లేదంటివి అన్నాడు. కోపంగా కాదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. నర్సింలు నవ్వుతాడని అబద్ధమాడాను అని చెప్పాల్సి వచ్చింది. ఇంత వయసొచ్చి ఆ మాట చెప్పడం పసుపు బస్తా ఎత్తడం కన్నా కష్టం.

ఇంతకూ గదేంది తాతా అని అడిగాడు. భూమి అన్నాను. నీలవ్వ గుమ్మడికాయ బొమ్మ అనుకున్నది అన్నాడు.

23 అక్టోబర్, శుక్రవారం

పొద్దున్నే లారీ వచ్చింది. డబ్బా గంజ్ నడుమ దింపించి, పదకొండు మందినీ పిలిచి జరిగింది చెప్పాను, నా అబద్ధంతో సహా. తర్వాత డబ్బా విప్పాను.

నీలవ్వ ఊడిన ముక్కలన్నీ ఎండబెట్టి మళ్లీ అతికించింది. జొన్నపిండి గంజితో. పురుగు పట్టకుండా గంజిలో పసుపు కలిపింది, మన వైపు ఎవరైనా అదే చేస్తారు. ఆ పసుపు పట్టి నీలి సముద్రాలన్నీ ఆకుపచ్చగా మారాయి. ఇంగ్లీషు రాదు కాబట్టి ఏ అంచుకు ఏ అంచు కుదిరితే అది కలిపింది. మన దేశం తలకిందులుగా ఆఫ్రికా పక్కన కూర్చుంది. ఎక్కడా ముడత లేదు.

నర్సింలు కడుపు పట్టుకొని నవ్వాడు. ఇకనుంచి నేను భూగోళం తాతనట. నవ్వనీ. పిటిషన్ అందరి ముందూ చింపాను. మంచి రాత, కొంచెం బాధేసింది.

దసరా నాటి జమ్మిలో కొంత పెట్టెలో దాచాను, అది ఎండి పొడిపొడిగా ఉంది. అదే గంగాకిషన్ చేతిలో పెట్టి, కింద నా అర్ధరూపాయి పెట్టాను. ఈసారి గుప్పిట మూశాడు. భోజన్న దుకాణంలోకి పోయి అంగీ గుడ్డ తెచ్చాడు. దాంతో పాటు చిన్న గుడ్డ ఇంకోటి, పుట్టబోయేదానికి.

11 జనవరి 1965

నీలవ్వకు ఆడపిల్ల. వార్త లారీలో వచ్చింది. లసుమవ్వ గంగాకిషన్‌కు మక్కకంకులు కాల్చి ఇచ్చింది.

గ్లోబు మీద ఆర్మూర్ ఎక్కడుండాలో వెతికి పెన్సిల్‌తో చుక్క పెట్టాను, తలకిందులుగా. మాక్లూర్‌కు ఇంకో చుక్క పెట్టబోయాను. చోటు లేదు. రెండూ ఒకటే చుక్క అయ్యాయి.