బోర్డు మీద లేని ప్లేటు

రాజాం,
11-4-1968

ప్రియమైన నారాయణమూర్తి బావకి,

నీ ఎల్లాజీ నమస్కారాలు. నువ్వు బస్సు మీద వేసిన గ్రామఫోను ప్లేట్ల పెట్టె నిన్న క్షేమంగా దిగింది, ఒక్కటీ పగల్లేదు. సోమవారం నాడు నీ కొట్టు ముందు బోర్డు మీద రాసిన పది పాటల పట్టీ కూడా అందింది. ఈ వారం కొత్తగా ఎక్కినవి మూడు. మూడింటినీ దాలయ్య గారింటి పెళ్లిలో వేసి, జనం మొహాలు చూసి మరీ రాస్తున్నాను.

పదో నంబరు విరహగీతం మా వైపు నడవదు. అది మొదలవగానే పెళ్లికూతురి తల్లి ముక్కు చీదడం మొదలెట్టింది. "శుభమా అని పెళ్లి సేసుకుంటంటే ఏడుపు పాటేటిరా" అని దాలయ్య గారు నా మీదికొచ్చారు. ఏడో నంబరు క్లబ్బు డాన్సు పాటకి పెద్దలందరూ తిట్టారు, తిడుతూనే కాళ్లతో తాళం వేశారు. అది ఇంకో నెల ఉంటుంది. రెండో నంబరు మాత్రం నాకు నచ్చలేదు. గొంతు మంచిదే, వాద్యాలు మరీ ఎక్కువయ్యాయి. నా మైకు గొట్టంలోంచి వస్తే డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టుంది. రెండు వారాల్లో దిగిపోతుంది, కావాలంటే రాసిపెట్టుకో.

ఇంకో సంగతి. మా పక్కింటి తాతమ్మ పొద్దున్నే గుమ్మంలోకి వచ్చి, "నిన్న దీపాలేళ పడవపాట ఏసినావు సూడు, ఎన్నాళ్లకి ఇన్నానో! సెవులకి సల్లగా ఉన్నాది" అంది. నేను వెయ్యలేదు బావా. ఎలా వేస్తాను? ఆ ప్లేటు నీ చెల్లెలికి ప్రాణమని పోయిన వైశాఖంలో నా చేతుల్తోనే పద్మకుమారి చితి మీద పెట్టాను. నువ్వు పక్కనే ఉన్నావు. ముసలావిడ, ఏదో విని ఏదో అనుకుని ఉంటుందిలే.

నీ
ఎల్లాజీ

రాజాం,
25-4-1968

బావా,

ఈ వారం ఎక్కిన నాలుగో నంబరు భక్తిపాట బాగుంది. అంతకంటే దాని గురించి రాయలేను, మనసు అక్కడ లేదు.

నీ పట్టీ కోసం పెళ్లిళ్లలో "ఏ పాట నచ్చింది?" అని అడగడం నాకు అలవాటు కదా. మూడు ఊళ్లలో పన్నెండు మందిని అడిగాను. ఎనిమిది మంది పడవపాట అన్నారు. బూడిదైపోయిన ప్లేటు నా లెక్కలో మొదటి నంబరుకి ఎక్కి కూర్చుంది. ఇంకెవరి మైకుసెట్టో విన్నారేమోనని దాలయ్య గారిని గుచ్చి గుచ్చి అడిగాను. "నీదేరా. రెండో సరణంలో రేవు అన్న కాడ మూడుపాల్లు తడబడతాది. అలాటి ప్లేటు ఇంకెవుడి కాడున్నాది?" అన్నారు. అక్కడ ప్లేటు మీదున్న గీత పద్మ గాజు తగిలి పడింది. అందరూ దీపాల వేళే విన్నామంటారు. మిషను పక్కన కూర్చున్న నాకు మాత్రం ఏమీ వినబడదు.

నీకు చెప్పనిది ఒకటుంది బావా. పద్మ నిద్రలో పోయిందని చెప్పాను. అది అబద్ధం. చుట్టుపక్కల ఎక్కడ పెళ్లయినా నేను ఒక గొట్టం మా ఇంటి వైపు తిప్పి పెట్టేవాణ్ని. దీపాల వేళ, పని ముగించే ముందు పడవపాట వేసేవాణ్ని. అది విని పద్మ మరుగుతున్న ఎసట్లో బియ్యం పోసేది. నేను సామాను సర్దుకుని ఇంటికి చేరేసరికి వేడన్నం. పెళ్లయిన నాటి నుంచి అదే మా గడియారం. పద్మ పోయిన రోజుకి తనకి జ్వరం వచ్చి మూడు రోజులు. నేను వెళ్లనంటే తనే, "ఒప్పుకున్న పెళ్లి, ఎల్లిరా. ఎసరు పెట్టి ఉంచుతాను, పాట ఇనగానే బియ్యం పోస్తాను" అని పంపింది. ఆ వారమే నీ బోర్డు మీద మొదటి నంబరుకి ఎక్కిన కొత్త ప్లేటు నా చేతికొచ్చింది. మగపెళ్లివారు దాన్ని మళ్లీ మళ్లీ అని ఏడుసార్లు వేయించుకున్నారు. ఆ పాట నేనే పాడినట్టు పొంగిపోయాను. ఇంటి వైపున్న గొట్టాన్ని కూడా పందిరి వైపు తిప్పేశాను. పడవపాట వెయ్యడం మరిచిపోయాను.

నేను వచ్చేసరికి ఎసరు ఇగిరిపోయి కుండ మాడుతోంది. కడిగిన బియ్యం గిన్నెలో అలాగే ఉన్నాయి. పద్మ గుమ్మానికి చేరబడి, చెవి వీధి వైపు పెట్టి కూర్చుని ఉంది. చెయ్యి ఇంకా వేడిగానే ఉంది బావా, ప్రాణం మాత్రం లేదు. "ప్లేటు ఇంకా ఎయ్యలేదేటి పిన్నీ అని నన్ను రెండుపాల్లు అడిగినాది" అని తాతమ్మ తరవాత చెప్పింది. నేను ఆ రోజు ఇంట్లో ఉండవలసింది. ఉండలేదు సరే, పాటైనా వెయ్యవలసింది.

ఇంక నా వల్ల కాదు. దీపాల వేళ అవుతోందంటే ఒళ్లు చల్లబడిపోతోంది. ఒప్పుకున్న పెళ్లి ఇంకొక్కటే ఉంది. అది కాగానే సెట్టు అమ్మేసి గరివిడి కార్ఖానాలో చేరిపోతాను. నీ పట్టీకి ఇంకెవరినైనా చూసుకో.

ఎల్లాజీ

విజయనగరం,
2-5-1968

చిరంజీవి ఎల్లాజీకి,

అబద్ధం చెప్పినందుకు నీ మీద బాగా కోపం వచ్చింది. మూడు రోజులు కలం పట్టుకోలేదు. తరవాత ఒక సంగతి గుర్తొచ్చింది.

చిన్నప్పుడు దాగుడుమూతలు ఆడితే, ఆట అయిపోయింది రమ్మని చెప్పేదాకా పద్మ దాక్కున్న చోటు నుంచి కదిలేది కాదు. ఒకసారి చెప్పడం మరిచిపోయి అందరం భోజనాలకి కూర్చున్నాం. అమ్మ విస్తళ్లు లెక్కపెట్టుకుని వెతికితే, ధాన్యం గాదె వెనక చీకట్లో నిలబడి ఉంది. ఏడవలేదు. "నువ్వు సెప్పలేదు కదన్నియ్యా" అంది.

నా అభిప్రాయం అడిగితే ఆ పడవపాట గొప్ప పాటేం కాదు. ఏనాడూ నా బోర్డు ఎక్కలేదు. నా దగ్గర అమ్ముడైనవి తొమ్మిదే తొమ్మిది. అటక మీద ఒక్కటి మిగిలితే పంపుతున్నాను. సూది తగలని కొత్త ప్లేటు. దీపం దగ్గర పెట్టి చూశాను, ఒక్క గీత లేదు. సెట్టు అమ్ముకుంటావో మానుకుంటావో నీ ఇష్టం. ముందు ఈ ప్లేటు వేసి పద్మకి చెప్పు.

నీ బావ
నారాయణమూర్తి

రాజాం,
10-5-1968

బావా,

నిన్న ఆఖరి పెళ్లి. దీపాలు పెట్టే వేళకి గొట్టం మా ఇంటి వైపు తిప్పాను. కొత్త సూది బిగించి నువ్వు పంపిన ప్లేటు వేశాను. మొదటి చరణం నున్నగా పోయింది. రెండో చరణంలో రేవు దగ్గరికి వచ్చి మూడుసార్లు తడబడి ముందుకి కదిలింది. పాట అయ్యాక ప్లేటు తీసి లాంతరు దగ్గర పెట్టి చూశాను. నువ్వు చెప్పినట్టే ఒక్క గీత లేదు. పందిట్లో ఎవరూ తల తిప్పలేదు, మళ్లీ వెయ్యమని ఒక్కరూ అడగలేదు.

సామాను సర్దుకుని బయలుదేరాను. మా వీధిలోకి వచ్చేసరికి తాతమ్మ తన అరుగు మీద కూర్చుని ఉంది. "ఈయేళ పాట ఎయ్యలేదేటిరా? ఇంతసేపూ సెవులు రిక్కించుకుని కూకున్నాను" అంది. మా ఇంటి పక్కిల్లు బావా ఆవిడది. గొట్టం ఎదురుగా ఉంది. ఆవిడకి వినబడలేదు.

తల ఎత్తి చూస్తే మా ఇంటి కప్పులోంచి పొగ వస్తోంది. వేసిన తాళం వేసినట్టే ఉంది, తాళంచెవి నా మొలతాడుకే ఉంది. తలుపు తీశాను. భయం వెయ్యలేదంటే అబద్ధం. నీకు ఒక అబద్ధం చెప్పాను, ఇంకోటి చెప్పను. పొయ్యిలో నిప్పులు ఉన్నాయి. పొయ్యి మీద కుండ, కుండ మీద మూత. పక్కనే పద్మ బియ్యం కడిగే గిన్నె, అందులో బియ్యం లేవు.

ఈ పూట తాతమ్మనీ దాలయ్య గారినీ అడిగాను. నిన్నటి నుంచి ఎవరికీ ఏ పాటా వినబడలేదట. సెట్టు అమ్మడం లేదు. సోమవారం పట్టీ ఎప్పటిలాగే పంపు. రెండో నంబరు దిగిపోయే ఉంటుంది, చెప్పానుగా.

కంచం పెట్టుకుని కూర్చుని తిన్నాను బావా. అన్నం కొంచెం పలుకైంది. ఎసరు చాలాసేపు మరిగి ఇగిరిపోయినట్టుంది. ఒక్క మెతుకు వదల్లేదు.

నీ
ఎల్లాజీ